తోడుగా ఒక్కరికే అనుమతి

డెలీమా వచ్చి కొట్టు ముందు నిలబడేసరికి లామ్రియా పొయ్యి మీంచి చేపల కూర దింపుతోంది. మూతికి మాస్కు కట్టుకుని ఉన్నా ఇట్టే గుర్తుపట్టింది. పద్దెనిమిదేళ్లుగా ఏ మనిషి ఎదురైతే సియాంతార్ బజారులో పక్క సందులోకి తిరిగిపోయేదో, ఆ మనిషిని పోల్చుకోవడానికి మొహమంతా కనబడనక్కర్లేదు.

కొట్టులో గిరాకీ లేదు. కరోనా వచ్చాక బస్సులు సగమయ్యాయి. ఆగిన బస్సుల్లోంచి దిగినవాళ్లు కూడా బయటి తిండి ముట్టుకోవడం లేదు. డెలీమా బల్ల మీద కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

తనతో ఉంటున్న తోగర్‌కు కళ్లు పచ్చబడ్డాయి. పసరుతిత్తి పక్కన గడ్డ లేచిందన్నారు మెదాన్ డాక్టర్లు. తీయించుకుంటే మలేషియాలోని పినాంగ్‌లోనే తీయించుకోమన్నారు. మెదాన్‌లో కాస్త చెయ్యాడేవాళ్లకు పెద్ద జబ్బు చేస్తే పినాంగే దిక్కు. పొద్దున విమానమెక్కి సముద్రం దాటి, డాక్టరుకు చూపించుకుని, రాత్రికి ఇంటికొచ్చి అన్నం తిన్న రోజులున్నాయి. ఇప్పుడు మలేషియా తలుపులు మూసేసింది. రోగులకు మాత్రం ప్రత్యేకంగా విమానం వేస్తున్నారు. దానికి ముందు అనుమతి రావాలి. దిగగానే ఆసుపత్రి గదిలోనే పద్నాలుగు రోజులు క్వారంటైన్. తోడుగా ఒక్కరికే అనుమతి. ఆ ఒక్కరూ భార్యో, భర్తో, కన్నబిడ్డో అయి ఉండాలి. అయినట్టు కాగితం చూపించాలి.

"నా దరఖాస్తు రెండుసార్లు తిప్పి పంపారక్కా. నెలలు గడిచిపోయాయి. చర్చి పెళ్లి పుస్తకంలో భార్యగా ఉన్నది మీ పేరే కదా," అంది డెలీమా.

లామ్రియా కూర మీద మూత పెట్టింది. పుస్తకంలో ఉన్న మాట నిజమే. తమ బతక్ తెగవాళ్లలో చర్చిలో పెళ్లయ్యాక విడాకులనే మాట అంత తేలిగ్గా నోట రాదు. తోగర్ అడగలేదు, లామ్రియా ఇవ్వలేదు. వాళ్ల కొడుకు పోల్తక్ తొమ్మిదో ఏట జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆమెకు కాన్పు కాలేదు. మిగిలింది కూతురు హోత్నిదా ఒక్కతే. మగబిడ్డ లేని ఇంటికి వంశం ఆగిపోయినట్టేనని వాళ్లవాళ్లు తలా ఒక మాట అన్నారు. రెండేళ్లు విని, ఒకరోజు తోగర్ తన బస్సుతో మెదాన్ వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. డెలీమా అప్పటికే ఇద్దరు మగపిల్లల్ని కన్న విధవరాలు. తనకూ ఒకడిని కని ఇస్తుందని ఆశపడ్డాడు. అదీ జరగలేదు. అయినా వెనక్కి రాలేదు.

"కూతురుందిగా, దాన్నడుగు," అంది లామ్రియా.

"అడిగాను. నాకు నాన్న లేడని ఫోను పెట్టేసింది."

ఆ మాటకు లామ్రియాకు లోలోపల తృప్తిగానే అనిపించింది. ఆలోచించి చెబుతానంది. డెలీమా వెళ్తూ వెళ్తూ మాస్కు కిందికి లాగి, ముక్కు తుడుచుకుని, మళ్లీ కట్టుకుంది. మనిషి బాగా చిక్కిపోయిందని లామ్రియా గమనించింది.

ఆ సాయంత్రం బాతామ్ నుంచి హోత్నిదా ఫోను చేసి తల్లిని చెడామడా తిట్టింది. వాళ్లు అవసరానికి నీ కాళ్లు పట్టుకుంటారు, అవసరం తీరాక నిన్ను గుర్తు కూడా పెట్టుకోరు, వెళ్లావంటే నాతో మాట్లాడకు అంది. చర్చిలో ఆడవాళ్లు మాత్రం క్షమించడమే మన ధర్మం అన్నారు. లామ్రియా వాళ్లకు అవునని తలూపింది కానీ ఆమె మనసులో ఉన్నది క్షమ కాదు. తలుపు వేసిన గదిలో, డెలీమా లేకుండా, లేచిపోయే దారి లేకుండా ఆ మనిషి తన ఎదురుగా పద్నాలుగు రోజులు కూర్చోవలసి వస్తుంది. ఇరవయ్యేళ్లుగా అడగాలనుకున్న మాట అప్పుడు అడగొచ్చు. ఆ ఒక్క ఆశతోనే ఒప్పుకుంది. ఇంకోటి కూడా ఉంది, అది తనకు తాను కూడా చెప్పుకోలేదు. వెళ్లేముందు రోజు చిన్న చేపలు వేయించి, తోబా కొండల మీద దొరికే అండాలిమన్ మిరియం దంచి, నాలుక తిమ్మిరెక్కేలా కారం నూరి డబ్బాలో పెట్టుకుంది. తోగర్‌కు అదంటే ప్రాణం.

విమానాశ్రయంలో డెలీమా అతన్ని చక్రాల కుర్చీలో తెచ్చి అప్పగించింది. లామ్రియాకు గుర్తున్న మనిషి స్టీరింగు ముందు కూర్చుంటే సీటు కనిపించేది కాదు. ఇప్పుడు కుర్చీలో సగం ఖాళీగా ఉంది. తోగర్ ఆమెను చూసి, "వచ్చావా," అన్నాడు. అంతే. డెలీమా మందుల సంచీ ఇచ్చి ఏది ఎప్పుడు వేయాలో రెండుసార్లు చెప్పింది. ఆయన కారం మానేశాడు, చేప తోలు తీసి పెట్టాలి, నీళ్లు గోరువెచ్చగా ఉండాలి అంటూ గేటు దాకా వెంట వచ్చింది. లామ్రియా చేతిసంచీలో కారం డబ్బా ఉంది. 

పినాంగ్‌లో దిగగానే తల నుంచి కాలి దాకా తెల్ల దుస్తుల్లో మనుషులు ఎదురొచ్చారు. ఎవరు ఆడో ఎవరు మగో గొంతు వింటే తప్ప తెలియదు. సామాను మీద మందు చల్లారు. ముక్కులో పుల్ల పెట్టి కళ్లనీళ్లు తెప్పించారు. సంచీలు తెరిపించి, వండిన తిండి లోపలికి రాకూడదని చెప్పి కారం డబ్బాను పసుపుపచ్చ చెత్తసంచీలో వేశారు. మణికట్టుకు గులాబీరంగు పట్టీ కట్టారు. దాన్ని తెంపితే జైలేనన్నారు.

ఆ తర్వాత అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు దగ్గరికి పంపారు. చిన్న వయసు మలాయ్ అమ్మాయి, తలకు ముసుగు, దాని మీద ప్లాస్టిక్ తెర. కాగితాలు తిరగేసి, "ఈయనకు మీరేమవుతారు ఆంటీ?" అని అడిగింది.

"భార్యని," అంది లామ్రియా. ఆ మాట పైకి అని ఎన్నేళ్లయిందో. నోట్లోంచి వచ్చాక తనకే కొత్తగా వినిపించింది.

ఆఫీసరు తోగర్ వైపు తిరిగింది. ఇద్దరి చిరునామాలూ వేరుగా ఉన్నాయట. "ఈమె మీ భార్యేనా?"

తోగర్ తల దించుకుని ఉన్నాడు. "కాగితం మీద," అన్నాడు.

"అట్లా అంటే నేనేం రాసుకోను? అవునా, కాదా? కాకపోతే ఆవిడని ఇదే విమానంలో వెనక్కి పంపాలి. మీకు తోడు లేకపోతే మిమ్మల్నీ పంపాలి."

వెనక వరసలో జనం చూస్తున్నారు. అందరూ మెదాన్ వాళ్లే, మాటలన్నీ అర్థమవుతున్నాయి. తోగర్ గొంతు సవరించుకుని, "అవును," అన్నాడు. ఆ పిల్ల ముద్ర కొట్టింది. లామ్రియా కుర్చీ తోసుకుంటూ ముందుకు నడిచింది. చెంప మీద కొట్టించుకుని, కొట్టినవాడికి దండం పెట్టినట్టయింది ఆమెకు.

ఆసుపత్రి గదిలో రెండు మంచాలు, తెరుచుకోని కిటికీ. కిటికీలోంచి పాత దుకాణాల పెంకులూ, వాటి వెనక కొండా కనిపించేవి. భోజనం తలుపు బయట స్టూలు మీద పెట్టి, తట్టి వెళ్లిపోయేవాళ్లు. తలుపు తీసేసరికి మనిషి ఉండడు. నర్సులు రోజుకు రెండుసార్లు తెల్ల దుస్తులేసుకుని వచ్చి జ్వరం చూసి పోయేవాళ్లు. వాళ్లు లామ్రియాను మెచ్చుకునేవాళ్లు. ఆంటీ ఎంత ఓపికమ్మా, అంకుల్ అదృష్టవంతుడు అనేవాళ్లు. తోగర్ వినీ విననట్టు పడుకునేవాడు.

డెలీమా రోజుకు మూడుసార్లు ఫోను చేసేది. తోగర్‌కు చెయ్యి వణుకు, ఫోను నిలబడదు. అందుకని లామ్రియా పట్టుకోవాలి. మొహం పక్కకు తిప్పుకుని, చెయ్యి చాచి, డెలీమా బొమ్మ ఆయనకు కనబడేట్టు పట్టుకునేది. పెరట్లో కోడి పిల్లల్ని చేసిందనీ, పైకప్పు కారుతోందనీ డెలీమా చెబుతుంటే ఆయన ముసిముసిగా నవ్వేవాడు. ఆ నవ్వు లామ్రియాకు తెలిసిందే. పెళ్లయిన కొత్తలో బస్సు కడుగుతూ తనను చూసి అట్లాగే నవ్వేవాడు. చివర్లో డెలీమా, "అక్కా, తిన్నారా?" అని ఆమెనూ అడిగేది. లామ్రియా తిన్నానని చెప్పి ఫోను నొక్కేసేది.

ఆయనకు ఒళ్లు తుడిచింది. గోళ్లు తీసింది. రాత్రుళ్లు దురదతో గీరుకుంటుంటే తడిగుడ్డ వేసింది. కామెర్ల దురద మహా చెడ్డది. ఇన్ని చేసినా మాట బయటికి రాలేదు. ఇవాళ అడుగుతాను, ఇవాళ అడుగుతాను అనుకుంటూ వారం దాటించింది. చివరికి ఒక మధ్యాహ్నం, బయట వాన పట్టుకుని కొండ కనబడకుండా పోయినప్పుడు, ఉన్నట్టుండి అడిగేసింది.

"పోల్తక్‌కు జ్వరం ఎక్కువైన రోజు నీ తోటి డ్రైవరు చేత కబురంపాను. అందిందా, లేదా?"

తోగర్ కప్పు వైపు చూశాడు. అందలేదంటాడని ఆమె అనుకుంది. ఇన్నేళ్లూ తనకు తాను చెప్పుకున్నది కూడా అదే. డ్రైవరు మరిచిపోయి ఉంటాడు, తాగి పడుకుని ఉంటాడు, లేకపోతే ఏ తండ్రి రాడు?

"అందింది," అన్నాడు. "పరాపత్‌లో ఉన్నాను. పేకాట ఆడుతున్నాం."

"మరి?"

"నువ్వు ప్రతిదానికీ కబురంపేదానివి కదా. వాడికి దగ్గొచ్చినా అంపేదానివి. ఇదీ అట్లాంటిదే అనుకున్నాను."

"అంతేనా?"

"అంతే. ఇంకేం చెప్పమంటావు? పోయినవాడు పోయాడు." అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి గురక కూడా వినిపించింది.

లామ్రియా ఏడవలేదు. మంచం మీద కూర్చుని వాన చూసింది. ఆయన ఏడిస్తే ఏం చేయాలో అనుకుని ఉంచుకుంది. తిడితే ఏమనాలో అదీ అనుకుని ఉంచుకుంది. ఇట్లా మామూలుగా, పాత బాకీ ఎగ్గొట్టినవాడిలా చెబుతాడనుకోలేదు. సాయంత్రం డెలీమా ఫోను చేస్తే ఎప్పటిలాగే చెయ్యి చాచి పట్టుకుంది.

క్వారంటైన్ ముగిసింది. ఆయన్ని ఆపరేషనుకు తీసుకెళ్లారు. సంతకం భార్యే పెట్టాలన్నారు, పెట్టింది. సాయంత్రం దాకా పడుతుందని చెప్పినవాళ్లు మధ్యాహ్నం కాకముందే ఆమెను పిలిచారు. అంత తొందరగా పిలవడం మంచికి కాదని ఆమెకు తెలిసిపోయింది. డాక్టరు పినాంగ్ చైనీయుడు, నడివయసువాడు, తడబడుతూ మలాయ్‌లో చెప్పాడు. తెరిచి చూశారట. గడ్డ కాలేయంలోకి పాకిందట. పసరు పోవడానికి గొట్టం మాత్రం వేసి కుట్టేశారట.

"మూడు నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లం ఆంటీ," అన్నాడు.

"ముందు మీరు రానివ్వలేదు కదయ్యా," అంది లామ్రియా.

డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మెట్ల దగ్గరికి వెళ్లి డెలీమాకు ఫోను చేసింది. చెప్పడం తప్పదు కాబట్టి చెప్పింది. అవతల ఏదో కింద పడిన చప్పుడు, ఆ పైన వెక్కిళ్లు. లామ్రియా ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడింది. 

"అక్కా, ఒక్కటి అడుగుతాను, కాదనకండి," అంది డెలీమా చివరికి. "ఆయనకు చెప్పకండి. ఇంటికొచ్చాక నేను చూసుకుంటాను. ఉన్నన్నాళ్లు కాస్త ధైర్యంగా ఉండనివ్వండి."

లామ్రియా సరేనంది. అన్నప్పుడు నిజంగానే అంది.

గొట్టం వేశాక పచ్చదనం తగ్గింది, దురద పోయింది. తోగర్‌కు ఆకలి కూడా మొదలైంది. గడ్డ తీసేశారనే అనుకున్నాడు, హుషారుగా కబుర్లు చెప్పసాగాడు. ఇంటికెళ్లాక పాత బస్సు అమ్మేస్తాడట. డెలీమాకు ముందువైపు చిన్న దుకాణం కట్టించి ఇస్తాడట. పైకప్పు బాగు చేయిస్తాడట. లామ్రియా గంజి చల్లారబెడుతూ వింటోంది. ఆయన గంజి తాగి, మూతి తుడుచుకుని, మంచి మాటే చెబుతున్నాననుకుని అన్నాడు.

"నువ్వు రావడం మంచిదే అయిందిలే. డెలీమా అయితే ఈ గదిలో ఇన్నాళ్లు తట్టుకోలేకపోయేది. దాని మనసు మెత్తన."

లామ్రియా గిన్నె కింద పెట్టింది.

"నీ గడ్డ తియ్యలేదు," అంది. "తెరిచి, చూసి, కుట్టేశారు. కాలేయమంతా పాకిపోయింది. ఇంటికి పంపేది బాగైందని కాదు."

తోగర్ చెయ్యి దుప్పటి మీద అట్లాగే ఆగిపోయింది. తలుపు బయట ఎవరో బండి తోసుకుంటూ పోయారు. చెప్పేముందు ఆమెకు ఛాతీ నిండా మంటగా ఉంది. చెప్పేశాక ఆ మంట పోతుందనుకుంది. పోలేదు. ఆయన ఆమె వైపు తిరిగాడు. ఈ ప్రయాణంలో నేరుగా ఆమె మొహంలోకి చూడటం అదే మొదలు.

"డెలీమాకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది."

అప్పుడు తోగర్ ఏడ్చాడు. "అయ్యో, అది ఒక్కతే ఉంది ఇంట్లో," అంటూ ఏడ్చాడు. కుట్లు లాగి నొప్పి పుడుతుంటే పొట్ట పట్టుకుని, దాని పేరే చెప్పుకుంటూ ఏడ్చాడు. లామ్రియా నర్సును పిలవడానికి మీట నొక్కింది. నర్సు వచ్చి సూది వేసి, ఆంటీ మీరు కాసేపు పడుకోండి, మీరూ మనిషే కదా అంది.

తిరుగు విమానం దొరికేదాకా ఇద్దరూ అదే గదిలో ఉన్నారు.  డెలీమా ఫోను వచ్చినప్పుడు ఆమె చెయ్యి చాచేది. ఆయన ఆ తెర వైపు చూస్తూ ఊరుకునేవాడు. ఆయనకు చెప్పేశారని డెలీమాకు మొదటి రోజే అర్థమైంది. ఆ తర్వాత "అక్కా, తిన్నారా?" అని అడగడం మానేసింది.

మెదాన్‌లో దిగి, మళ్లీ ముక్కులో పుల్ల పెట్టించుకుని, ఫలితం వచ్చేదాకా కూర్చుని బయటికొచ్చేసరికి డెలీమా కంచె అవతల ఉంది. చక్రాల కుర్చీ పిడులు లామ్రియా చేతుల్లోంచి తీసుకుంది. కిందికి వంగి ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దింది. లేచాక లామ్రియాతో మెల్లగా అంది.

"ఒక్కటే అడిగాను మిమ్మల్ని."

  దీని మనసు మెత్తనని ఆయన అన్న మాట చెబితే తానెందుకు చెప్పేసిందో దీనికి తెలుస్తుంది కదా అనుకుంది లామ్రియా, కానీ ఆ మాటను నోటితో మళ్లీ అనడానికి సిగ్గేసింది. కారు వెళ్లిపోయింది. ఆమె సియాంతార్ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది. పరదేశం నుంచి వచ్చిందని కండక్టరు వెనక సీటులో ఒంటరిగా కూర్చోబెట్టాడు. ఊళ్లో చాలా వారాలు ఆమె కొట్టు దగ్గరికి ఎవరూ రాలేదు. హోత్నిదా నిజంగానే ఫోను చేయలేదు.

తోగర్ ఈస్టరు ముందు వారంలో పోయాడు. కబురు డెలీమా నుంచి రాలేదు, తోగర్ వంశం పెద్దల నుంచి వచ్చింది. శవాన్ని పోర్సియాలో వాళ్ల ఊరికి తెస్తున్నారు, అంత్యక్రియలు పద్ధతి ప్రకారం జరగాలి, భార్య లేకుండా మొదలుపెట్టకూడదు, నువ్వు రావాలి అన్నారు. పద్దెనిమిదేళ్లలో ఆ పెద్దల్లో ఒక్కడూ ఆమె గడప తొక్కలేదు. లామ్రియా నల్ల బట్టలు కట్టుకుని వెళ్లింది. రానని ఎందుకు అనలేదో ఆమెకు తెలియదు. అనడం ఎట్లాగో ఎవరూ నేర్పలేదు.

శవపేటిక తల దగ్గర, కుడివైపు చాప మీద ఆమెను కూర్చోబెట్టారు. అది భార్య స్థానం. ఆమె తమ్ముడు వచ్చి, విధవరాలికి పుట్టింటివాళ్లు వేసే నేతగుడ్డ ఆమె తల మీద కప్పాడు. జనం తక్కువ, మాస్కులు కట్టుకుని దూరదూరంగా కూర్చుని పాట పాడారు. వచ్చిన ప్రతివాళ్లూ ఆమె ముందు వంగి, పినాంగ్ దాకా తీసుకెళ్లావట, ఎంత చేశావమ్మా అన్నారు. డెలీమా ఎక్కడా కనబడలేదు. తోగర్‌తో ఆమెకు ఆచారం ప్రకారం పెళ్లి జరగలేదు కాబట్టి ఆ గదిలో ఆమెకు చోటు లేదు.

మధ్యలో నీళ్లు తాగడానికి లామ్రియా పెరటివైపు వెళ్లింది. డెలీమా అక్కడ నేల మీద కూర్చుని, ఊరి ఆడవాళ్లతో పాటు వచ్చినవాళ్ల ఎంగిలి గ్లాసులు కడుగుతోంది. ఆమె తల మీద ఏ గుడ్డా లేదు. లామ్రియాను చూసి చేతులు ఆపింది కానీ లేవలేదు. మిగతా ఆడవాళ్లు గిన్నెలు తీసుకుని లోపలికి జారుకున్నారు.

 వచ్చింది నీళ్ల కోసమే. అయినా లామ్రియా కుండ వైపు పోకుండా అక్కడే నిలబడింది.

"చివర్లో తెలివిలోనే ఉన్నాడా?" అని అడిగింది.

"ఉన్నారు. ముందు రోజు దాకా మాట్లాడారు."

"నా గురించి ఏమన్నా అన్నాడా?"

డెలీమా తడి చేతులు ఒళ్లో పెట్టుకుంది. అబద్ధం చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టు లామ్రియాకు తెలుస్తూనే ఉంది. చెబితే బాగుండును అనీ అనిపించింది, ఆ కోరిక పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"లేదక్కా," అంది డెలీమా. గ్లాసు తీసుకుని మళ్లీ కడగసాగింది.

లోపలి నుంచి తమ్ముడు పిలిచాడు. పాస్టరు వచ్చాడు, అందరూ ఎదురు చూస్తున్నారన్నాడు. లామ్రియా తల మీద గుడ్డ ముందుకు లాక్కుని, నీళ్లు తాగకుండానే వెళ్లి శవం పక్కన కూర్చుంది.